ఎనిమిది కిటికీల యిల్లు

క్రయపత్రమునందు ఇంటికి నాలుగు హద్దులుండును. తూర్పున ఫలానావారి ప్రహరీగోడ, పడమట పురపాలక సంఘమువారి కాలువ, ఉత్తరమున వీథి, దక్షిణమున మఱియొకరి ఖాళీ స్థలము. ఆ నడుమనున్న నేల యిన్ని అడుగులనియు, నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణము, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములతోగూడ కొన్నవారికి సంక్రమించుననియు వ్రాయుదురు. కన్నడ సీమయందును, మన తెలుగు సీమయందును ఈ వరుస యొక్కటియే. ఇట్టి పత్రములకు నకళ్లు వ్రాయుటలోనే మా యుద్యోగకాలము చాలవఱకు గడచినది. ఇంటివాడు ఆ యింట కూర్చుండి యేమి చేసెననునది ఆ యెనిమిది భోగములలో చేరదు. చేర్చవలెనని మేమును చెప్పబోము. చేర్చినచో స్టాంపు సుంకమెంతయో తేల్చుట గుమాస్తాలకు ప్రాణాంతకమగును.

అయినను ఒక్కొక్కప్పుడు ఊరిలో ఒక యిల్లు అమ్మకమునకు వచ్చి, పత్రములోని హద్దులు దాటి పదిమంది నోట పడును. మా మైసూరు నగరమున యాదవగిరిలోనున్న ఆర్. కె. నారాయణ్ గారి యిల్లు అట్టిది. దానినిగూర్చి వార్తలు, సంపాదకీయములు, సభలు, ఎదురుసభలు చాలినన్ని జరిగినవి. ఆ రభసలో ఆయన పుస్తకములను తెఱచి చూచినవారు తక్కువ. ఇండ్లనుగూర్చి, అందును అమ్మకపు టిండ్లనుగూర్చి, అంత తెలిసి వ్రాసిన కథకుడు మన దేశమున మఱియొకడు కనబడడు. కావున ముందు ఆయన యేమి వ్రాసెనో చూచి, పిమ్మట ఆ వివాదమును తూచుట న్యాయమని మాకు తోచినది. మేము మెట్రిక్యులేషను చదివినవారము. ఇంగ్లీషు మాకు కచేరీ భాష. నారాయణ్ గారి ఇంగ్లీషు మాత్రము నిఘంటువు ప్రక్కన లేకున్నను చదువుకొనగలిగితిమి. ఇది ఆయన గొప్పతనములలో ఒకటి యని మా యభిప్రాయము.

జరిగిన సంగతి క్లుప్తముగా చెప్పుదుము. ఆయన 1906వ సంవత్సరమున చెన్నపట్టణములో జన్మించి, పురసవాకములోని అమ్మమ్మగారింట నెమలిని, కోతిని తోడుచేసికొని పెరిగి, తండ్రిగారైన కృష్ణస్వామి అయ్యరుగారు ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగానున్న మైసూరు చేరినారు. ఇక్కడి మహారాజా కళాశాలలో చదివి 1930లో పట్టభద్రులైనారు. కుటుంబము లక్ష్మీపురములో అద్దె యింట నుండినది. యాదవగిరిలో స్వంత యిల్లు 1950 ప్రాంతమున కట్టుకొనిరి. 1990 తరువాత చెన్నపట్టణమునకు మరలిపోయి 2001 మే 13వ తేదీన అచ్చటనే గతించిరి. పిదప ఆ యిల్లు చేతులు మాఱినది. 2011 సెప్టెంబరులో క్రొత్త కట్టడము కొఱకు దానిని కూల్చుట కారంభించిరి. పత్రికలలో ఆ ఛాయాచిత్రములు వచ్చుటతో గగ్గోలు పుట్టి, ప్రభుత్వము పలుగును నిలిపివేసినది. నగరపాలకులు రెండు కోట్లకు పైబడిన సొమ్ముతో దానిని కొని, విఱిగినంత మేర కట్టించి, 2016 జులైలో ప్రదర్శనశాలగా తెఱచినారు. పలుగు ఆగుటకును తలుపు తెఱచుటకును నడుమ అయిదేండ్లు. కచేరీల నడక నెఱిగినవారము గనుక మేము దీని కాశ్చర్యపడము.

ఇక పుస్తకములు.

1945లో వెలువడిన 'ది ఇంగ్లీష్ టీచర్' అను నవల ఆయన భార్యకు అంకితము. ఆమె పేరు రాజం. 1939లో సన్నిపాత జ్వరముతో మరణించినది. నవలలోని కృష్ణన్ కళాశాలలో పాఠము చెప్పుకొను యువకుడు. తండ్రిగారు సొమ్మిచ్చుటకు సిద్ధమై, ఒక యిల్లు కొనుక్కొమ్మందురు. ఒకనాడు ఉదయము భార్య సుశీలను వెంటబెట్టుకొని, హోటలులో ఫలాహారము ముగించి, లాలీ ఎక్స్‌టెన్షనులో అమ్మకపు టిల్లు చూడబోవును. ఆ పూట నారాయణ్ గారు వ్రాసిన పుటలు ఎంత తేలికగా నుండునో చెప్పలేము. ఇంటికి రాబోవు జీవితమంతయు ఆ దంపతుల మాటలలో కనబడును. ఇల్లును వారికి నచ్చును. సుశీల పెరటివైపు పోయి, పైకి శుభ్రముగా కనబడు తలుపొకటి తెఱచుకొని లోపలికి పోవును. అది మరుగుదొడ్డి. తలుపు బిగుసుకొనిపోవును. లోపల చెప్పనలవికాని రోత, ఈగలు. తలుపు తన్ని ఆమెను వెలికి తెత్తురు. ఆ దినము మొదలు ఆమెకు అన్నము సహింపదు, జ్వరము వచ్చును, అది సన్నిపాతమని తేలును, ఆమె మరణించును.

ఇండ్ల అమ్మకములు మేము వేలకొలది చూచితిమి. ఇల్లు చూచుటకు వచ్చిన దంపతుల మొగములును చూచితిమి. వారందఱు ముందు హాలు చూతురు, పిదప వంటయిల్లు, పిదప బావి. పెరటి తలుపు ఎవరును తెఱవరు. అమ్మువాడు పెరటివైపు నడిపింపడు. నారాయణ్ గారు ఒక్క తలుపు తెఱపించినారు. ఇంటి వ్యాపారమును ఎవరును నిందింపరు, దళారి దుర్మార్గుడు కాడు, కొనువాడు మూఢుడు కాడు. ఇట్టి సాదాతనములోనుండి మృత్యువు వచ్చుట చూచినపుడు చదువరికి ఒడలు జలదరించును. శోకమును వ్రాసినవారు పెక్కండ్రు గలరు. శోకమునకు ముందున్న ఆదివారపు సంతోషమును ఇంత నిజముగా వ్రాసినవారు అరుదు. ఆ నవలలో తరువాతి భాగము, చనిపోయిన భార్యతో సంభాషించు భాగము, మమ్ములను అంతగా నమ్మింపలేదు. అది రచయితకు కావలసియుండెను, కథకు కాదని మా తలంపు.

ఆ పుస్తకము వెలువడిన కొలది యేండ్లకే ఆయన తానే ఇల్లు కట్టుటకు పూనుకొనిరి. కుటుంబము లక్ష్మీపురముననే యుండగా పగటిపూట యాదవగిరికి పోయి వ్రాసికొనెడివారట. ఇది ఆయన తన జీవితమునుగూర్చి 1974లో ప్రకటించిన 'మై డేస్' అను పుస్తకమువలన తెలియుచున్నది. అందులోనే, మా యీ వ్యాసమునకు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. వ్రాతకని పై యంతస్తున ఒక గది కట్టించుకొని, దానికి ఎనిమిది కిటికీలు పెట్టించిరి. దక్షిణమున చాముండి కొండ, తూర్పున నగరములోని గోపురములు, గుమ్మటములు, చుట్టును మేయు పసువులు, గొఱ్ఱెలు, ఇటునటు పోవు రైళ్లు. ఇన్నియు కనబడు గదిలో కూర్చుండి ఆయన వ్రాయలేకపోయిరి. కన్ను కాగితముపై నిలువలేదు. చివఱకు కిటికీకి తెర వేసికొని, ఆ వెలవెలబోయిన గుడ్డవైపు చూచుచు వ్రాసికొనిరి.

ఎనిమిది కిటికీలు పెట్టించినది సంసారి. తెర వేసినది రచయిత. యాదవగిరి యింటికి విలువ ఏదైన నున్నచో అది ఆ తెరలో నున్నదని మేమందుము. వాస్తుదృష్టితో చూచినచో అది రెండంతస్తుల మామూలు కట్టడము. గుండ్రముగా ముందుకు వచ్చిన ముఖభాగము ఒక్కటి చూడముచ్చటగా నుండును. మైసూరులో దానికన్న అందమైన యిండ్లు, దానికన్న పాతవి, ఎన్నియో కూలినవి. ఎవరును పత్రికకు వ్రాయలేదు. నారాయణ్ గారి మాల్గుడి ఎక్కడిదని విద్వాంసులు పటములు గీచి వెదకుచుందురు. అది ఏ కిటికీనుండియు కనబడదు. 1930లో విజయదశమినాడు, అమ్మమ్మగారు కుదిర్చిన ముహూర్తమున, బెంగుళూరులో కూర్చుండి ఆయన తొలి పంక్తి వ్రాయగా, ఒక చిన్న రైలు స్టేషను పేరుతో సహా మనస్సున దిగినదట. చాముండి కొండ ఎదుటనుండగా ఆయనకు మాల్గుడి కనబడలేదు. తెర వేసిన తరువాత కనబడినది. ప్రదర్శనశాలలో ఆయన ఉడుపులు, కళ్లజోడు, బిరుదుపతకములు, ఛాయాచిత్రములు నుంచినారు. మంచిదే. మమ్ము అడిగినచో ఆ మేడగదిలో మొట్టమొదట నుండవలసిన వస్తువు ఒక తెరగుడ్డ. వ్రాతప్రతులన్ననో, అవి సముద్రములకు ఆవల బోస్టను విశ్వవిద్యాలయమువారి భద్రములో నున్నవి. ఇల్లు ఇక్కడ, వ్రాత అక్కడ.

ఆయన నవలలలోని తక్కిన యిండ్లనుగూర్చి విస్తరింపము. 'మిస్టర్ సంపత్'లో ఇంటి యజమాని యొకడు వేదాంతము మాటలాడుచు, కాపురమున్న కుటుంబములన్నిటికిని ఒక్కటే కుళాయి యిచ్చి నెట్టుకొనివచ్చును. 'ది ఫైనాన్షియల్ ఎక్స్‌పర్ట్'లో మార్గయ్యయు, అన్నయు ఇంటికి అడ్డుగోడ పెట్టి పంచుకొందురు. బావి మాత్రము పంపకమునకు లొంగక ఉమ్మడిగా నిలుచును. ఈ బావి కలహము చదివినపుడు, పాలుపంపకపు దస్తావేజులలో 'బావి యందు సగము హక్కు' అని మేము వ్రాసిన పంక్తులు జ్ఞప్తికి వచ్చి నవ్వు ఆపుకొనలేకపోయితిమి. 'ది గైడ్'లో రాజు తల్లి తాను కాపురము చేసిన యింటిని కొడుకునకును, వాడు తెచ్చినదానికిని విడిచి తోబుట్టువు వెంట పోవును. ఇల్లు విడుచుట అక్కడ చావుతో సమానముగా నున్నది.

ఒక్క కథను మాత్రము కొంచెము నిలిచి చూడవలెను. దాని పేరు 'లాలీ రోడ్'. స్వాతంత్ర్యము వచ్చిన యుత్సాహములో మాల్గుడి పురపాలకులు వీథుల పేర్లన్నియు మార్చివేయుదురు. ఒకే మహాత్ముని పేరు నాలుగు వీథులవారు కోరుట, ఉత్తరములు చేరవలసినచోట చేరకుండుట, ఇవన్నియు వేడుకగా సాగును. పిమ్మట ఫ్రెడరిక్ లాలీ దొర విగ్రహముపై కన్ను పడును. వాడు పరమ క్రూరుడని సభలు చేసి, విగ్రహమును పెకలింపనెంచి, అది కదలకుండగా, ఎవరైన తీసికొనిపోయినచో ఉచితముగా నిత్తుమందురు. పత్రికా విలేకరి యొకడు మందుగుండు పెట్టి దానిని పెకలించి తన యింటికి చేర్చును. ఇల్లు ఇఱుకు, దొర సగము హాలులోను, సగము వీథిలోను పడియుండును. అంతలో దేశము నలుమూలలనుండి చరిత్రకారులు తంతులు పంపుదురు: ఆ క్రూరుడు వేఱొక లాలీ, ఈయన ఊరిని నిలిపిన ధర్మాత్ముడని. ఇప్పుడు విగ్రహము మరల కావలెను. విలేకరి అధ్యక్షునికి ఉపాయము చెప్పును: విగ్రహమును కదల్పవలదు, నా యింటినే జాతీయ ఆస్తిగా కొనుము, ఎన్నికలు వచ్చుచున్నవి గదా యని. అధ్యక్షుడు చీకటిబేరములలో కూడబెట్టిన సొమ్ము తీసి ఆ యిల్లు కొనును. ఆ సందునకు లాలీ పేరు పెట్టుదురు.

ఈ కథ 1956 నాటికి పుస్తకరూపమున వచ్చినది. యాదవగిరిలో పలుగు పడినది 2011లో. అనగా, తన యింటికి ఏమి గతి పట్టునో ఆయన అర్ధశతాబ్దికి ముందే వ్రాసి, నవ్వి, ప్రక్కన పెట్టినాడు. ముందు అక్కఱలేదనుట, పిదప కావలెననుట, కూల్చిన తరువాత విలువ తెలియుట, పురపాలకులు సొమ్ము చెల్లించి స్మారకమనుట, వరుసక్రమము తప్పలేదు. భేదము ఒక్కటే. కథలో సొమ్ము అధ్యక్షునిది. మైసూరులో సొమ్ము పన్నులు కట్టినవారిది. కావుననే వివాదము పుట్టినది.

కొందఱు కన్నడ రచయితలు ఆ స్మారకమును వలదనిరి. వారి వాదమును దుడుకుతనమని త్రోసివేసినవారే ఎక్కువ, మేము త్రోసివేయము. నారాయణ్ గారు తమిళులు, వ్రాసినది ఇంగ్లీషు, కన్నడమునకు వారు చేసినదేమి, మా పన్నుల సొమ్ము వారి యింటి కేల యని వారడిగిరి. ఇందులో రెండు ప్రశ్నలు చిక్కుపడి యున్నవి. విడదీయవలెను.

మొదటిది ఇంటి భాష. ఇది కన్నడిగుల నోట శోభింపని మాట. మాస్తి వేంకటేశ అయ్యంగారుగారి యింట తమిళము, బేంద్రేగారి యింట మరాఠీ. కన్నడ సాహిత్యము వారిని ఏనాడును 'మీ యమ్మ ఏ భాషలో జోలపాడినది' యని అడుగలేదు. పైపెచ్చు నెత్తిన పెట్టుకొన్నది. అంత ఔదార్యము చూపిన భాష ఒక యిల్లు కొనునప్పుడు చిన్నబోవుట మాకు బాధ కలిగించినది.

రెండవది వ్రాసిన భాష. ఇది బరువైన ప్రశ్న. మాస్తివారు, బేంద్రేగారు కన్నడములో వ్రాసిరి. నారాయణ్ గారు వ్రాయలేదు. కుప్పళిలో కువెంపుగారి యింటికి పోయినవాడు ఆ కొండలు, ఆ అడవి, ఆ మాట, ఆ పుస్తకము ఒక్కటియే యని గ్రహించును. యాదవగిరిలో అట్లుండదు. నారాయణ్ గారి ఇంగ్లీషుకు ఒక లోపము కలదు. దానిని ఆయన అభిమానులు ఒప్పుకొనరు. మైసూరు దేవరాజ మార్కెట్టులో గంటసేపు నిలిచినచో కన్నడము, ఉర్దూ, తమిళము, తెలుగు, మరాఠీ చెవిని పడును. అరటిపండ్లు ఒక భాషలో అడిగి, ధర వేఱొక భాషలో తగ్గించి, చిల్లర మూడవ భాషలో లెక్కపెట్టుకొనువారము మనము. మాల్గుడిలో కబీరు వీథి, వినాయక మొదలి వీథి, ఎల్లమ్మ వీథి కలవు. గఫూరు కలడు, సేటు కలడు. అందఱును ఒక్క తీరున, ఆ చక్కని తేట ఇంగ్లీషుననే మాటలాడుదురు. ఎవరింట ఏ భాషయో చదువరికి తెలియదు. దీనివలన మాల్గుడి లోకమునకంతటికిని స్వంత ఊరైనది, నిజము. కాని మనవంటి ఇరుగుపొరుగు భాషలవారి బ్రతుకులోని ఒక రుచి, ఒక చిక్కు, ఆ పుస్తకములలోనికి రానేలేదు. ఈ నష్టమును నష్టమనియే చెప్పవలెను.

అయినను ఇల్లు నిలుపుట న్యాయమని మేమెందుల కనుచున్నామన్నచో, ఊరు ఒక రచయితకు ఇచ్చునది భాష యొక్కటియే కాదు. నడక నిచ్చును. నారాయణ్ గారు ప్రతిదినము మైసూరు వీథులలో నడచి, దుకాణముల ముందు నిలిచి, వకీళ్లను, ముద్రాపకులను, గుమాస్తాలను పలుకరించి, ఇంటికి పోయి తెర వేసికొన్నవారు. ఆ మనుష్యులు ఈ ఊరివారు. వారిలో మనవారును ఉండియుందురు. ఊరు తాను ఇచ్చినదానికి రసీదు ఉంచుకొన్నట్లే ఈ యిల్లు. రసీదు ఏ భాషలో నున్నను రసీదే.

ఈ విషయమున మన తెలుగువారు కన్నడ రచయితలవైపు వ్రేలు చూపుటకు ముందు చెన్నపట్టణము తలచుకొనవలెను. మైలాపూరు ప్రాంతమున రాయపేట హైరోడ్డులో 126వ సంఖ్యగల యిల్లు బులుసు సాంబమూర్తిగారిది. అందులో పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చుండి, డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణము విడిచిరి. ఆంధ్రప్రభుత్వమువారు దానిని స్మారకముగా నిలిపినారు. ఆ దీక్ష తమిళులకు ప్రియమైన దీక్ష కాదు. చెన్నపట్టణము ఎవరిదను తగవు అందు ఇమిడియుండెను. ఆ యిల్లు తమిళుల నడిబొడ్డున నేటికిని నిలిచియున్నది. మనము దానిని చూడబోవునపుడు, ఆ వీథివారు దానిని సహించుటయందలి పెద్దతనమును చూడము. మన త్యాగమును మాత్రము చూచుకొని వత్తుము. పరభాషా నగరమున ఒక యిల్లు నిలుచుట యనగా పొరుగువాడు ఊరకుండుట. అది చిన్న యుపకారము కాదు.

ధనము ముందు ఏ భాషయు నిలువదనుటకు బొంబాయి సాక్షి. మలబారు కొండపై హోమీ భాభాగారి యిల్లు 'మెహ్రాంగీర్' కలదు, కలదనరాదు, ఉండెను. తల్లిదండ్రులు మెహెర్‌బాయి, జహంగీరుల పేర్లు కలిపి పెట్టిన పేరది. భాభాగారు 1966లో విమానప్రమాదమున పోయిరి. సోదరుడు జంషేడ్ గారు ఆ యింటిని తాము స్థాపించిన కళాసంస్థకు వ్రాసియిచ్చిరి. ఆ సంస్థవారు 2014లో వేలము వేయగా 372 కోట్ల రూపాయలు పలికినది. స్మారకముగా నుంచవలెనని అణుశక్తి శాఖ యుద్యోగులు న్యాయస్థానమునకు పోయిరి, ఫలము లేకపోయెను. 2016లో, యాదవగిరి యిల్లు తెఱచిన సంవత్సరముననే, అది నేలమట్టమైనది. 372 కోట్లలో కట్టడపు వెల యెంత, నేల వెల యెంతయని ఏ గుమాస్తాను అడిగినను చెప్పును: కట్టడపు వెల సున్న, పడగొట్టు కూలి అదనము. యాదవగిరిలో నేల ధర మలబారు కొండ ధర కాకపోవుటయే నారాయణ్ గారి యింటి అదృష్టమేమో. సాహిత్యాభిమానము గెలిచినదని సంబరపడువారు ఈ లెక్కయు చూచుకొనవలెను.

ఇంతకును మైసూరు తెలుగువారమైన మన లెక్క యేమి? తెలుగులో నవీన విమర్శకు నాందియని చెప్పుకొను 'కవిత్వతత్త్వవిచారము' 1914లో వెలువడునాటికి కట్టమంచి రామలింగారెడ్డిగారు మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అదే కళాశాలలో 1912 మొదలు 1949 వఱకు తెలుగు చెప్పిరి. అనగా నారాయణ్ గారు అక్కడ విద్యార్థిగా నుండిన కాలమున, ఆ వసారాలలోనే, 'వేమన', 'నాటకోపన్యాసములు' వ్రాసిన చేయి సుద్దముక్క పట్టుకొని నడచుచుండెను. ఒకరు తెలుగు కవితకు తూనికరాళ్లు చేసినవారు. ఇంకొకరు తరువాత అన్నమయ్య పదములకు స్వరములు కూర్చినవారు. వారు కాపురమున్న వీథులేవియో ఈ సంచిక చదువువారిలో ఎందఱు చెప్పగలరు? నారాయణ్ గారి యింటికి కన్నడిగులు అడ్డుచెప్పిరని మాటలాడుకొన్న మన సంఘ సమావేశములో ఈ ప్రశ్న ఒక్కరును వేయలేదు.

ఇక మన స్వంత యిండ్లు. అగ్రహారము, దేవరాజ మొహల్లా, లక్ష్మీపురము. ఈ పేటలలో రెండు మూడు తరములుగా నున్న తెలుగు కుటుంబముల యిండ్లు ఏటేటా అమ్మకమునకు వచ్చుచున్నవి. పిల్లలు బెంగుళూరులోనో, అంతకన్న దూరముననో ఉన్నారు. అమ్మవలదని మేమనము, పెంకులు మార్పింపలేని ముసలివారు పెద్ద యింట ఎట్లు వేగుదురు? మేము చెప్పునది పత్రమునకు ఎక్కని సరకునుగూర్చి. ఇల్లు ఖాళీచేయునాడు మంచము, పీట, ఇత్తడి గంగాళము పంచుకొందురు. గోడబీరువాలోని తెలుగు పుస్తకములు ఎవరికిని అక్కఱలేదు. మనుమలకు లిపి రాదు. అవి తూకమునకు పోవును. నిధినిక్షేపములని వ్రాసినది బహుశః వీనినే కాబోలునని మాకు పలుమాఱు తోచినది, కాని ఆ మాట కొనువానికి చెప్పి లాభము లేదు.

గత సంవత్సరము అగ్రహారములో ఒక కుటుంబమువారు ఇల్లు అప్పగించునపుడు మమ్ములను సాక్షి సంతకమునకు పిలిచినారు. సంతకము చేసి, బీరువా అడుగున నున్న 'భారతి' సంచికలను అడిగి తెచ్చుకొంటిమి. మొత్తము నలువదిమూడు. కొన్నిటికి అట్టలు లేవు. రెండింటికి చెద పట్టినది. వానిలో మూడు నాలుగింట ఎవరో పెద్దలు అంచులలో ఎఱ్ఱసిరాతో అభిప్రాయములు వ్రాసియున్నారు, కొన్ని చోట్ల తెలుగున, కొన్ని చోట్ల కన్నడ లిపిలో తెలుగు మాటలు. ఆ చేతివ్రాత ఎవరిదో ఆ యింటివారును గుర్తింపలేకపోయిరి. సంచికలు మా యింట నున్నవి. సంఘ సభ్యులు ఎవరైన చదువగోరినచో సాయంకాలము నాలుగు గంటల తరువాత వచ్చి తీసికొనిపోవచ్చును.